నందిగామ డ్యూటీ

మా ఇంట్లో ఇద్దరు కోడళ్లం. పెద్ద కోడలు డ్యూటీకి వెళ్తుంది, చిన్న కోడలు ఇంట్లో ఉంటుంది. ఆ ఇంట్లో ఉండేది నేను. మొన్నటి వానాకాలం దాకా జగ్గయ్యపేటలో ఎవరడిగినా మావాళ్లు చెప్పే మాట ఇదే.

మా తోడికోడలు రాజ్యశ్రీ అక్కంటే నాకు కుళ్లు. నసగడం దేనికి, ఉన్నమాటే చెబుతున్నాను. ఆమె చీరలు చూసి కాదు, నగలు చూసి కాదు, నాకంటే ఒక ఛాయ ఎక్కువని అసలే కాదు. ఆమె క్యారేజీ చూసి. పొద్దున్నే మా అత్తయ్య సీతారావమ్మ గారు చెమటలు తుడుచుకుంటూ వంటింట్లో నిలబడి ఆమె కోసం మూడు గిన్నెల స్టీలు క్యారేజీ సర్దుతుంది. అడుగున అన్నం, మధ్యలో వేపుడు, పైన పెరుగు. పెరుగు తొణక్కుండా మూత కింద అరిటాకు ముక్క కూడా. నేను ఆ ఇంటికొచ్చి నాలుగేళ్లయింది. నేను తిన్నానో లేదో అడిగే దిక్కు లేదు, ఆమె పెరుగుకి అరిటాకు!

సాయంత్రం ఆమె నందిగామ నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి ఇల్లంతా సద్దుమణుగుతుంది. "పాపం డ్యూటీ చేసొచ్చింది, ఫ్యాను వెయ్యవే గీతా" అంటుంది అత్తయ్య. ఫ్యాను వేసేదీ నేనే, కాఫీ ఇచ్చేదీ నేనే. ఆమె ఒక ఫైనాన్సు ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దస్తమానం కస్టమర్లకి ఫోన్లు చేసి గొంతు బొంగురుపోయి వస్తుంది. కాఫీ తాగేసి గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది. ఆ తలుపు ఎవరూ తట్టరు. మా మావయ్య బుల్లిబాబు గారు కూడా టీవీ సౌండు తగ్గిస్తారు.

మరి నేనేమన్నా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నానా? ఊళ్లో పెళ్లి వీడియోల్లో వినిపించే వ్యాఖ్యానాలు నేను రాసినవే. స్కూళ్ల కరపత్రాలు, బట్టల కొట్ల ప్రకటనలు, సన్మాన పత్రాలు, ఎవరు అడిగితే వాళ్లకి రాసిస్తాను. అవన్నీ పొట్టకోసం. నా కోసం రాసుకునేది ఒకటే. ఫోనులో కథలు వినిపించే కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉంది. వాళ్లు నా సీరియల్ తీసుకున్నారు. మిరప కోతలకొచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. వారానికొక భాగం, శనివారం సాయంత్రానికల్లా పంపాలి. 'రచన: గీతాంజలి' అని నా పేరు ఒక ఆడగొంతు పలుకుతుంది మొదట్లో. ఆ మూడు సెకన్లు మొదటిసారి విన్నరోజు నేను స్నానాల గదిలోకెళ్లి ఏడ్చాను.

రాయడం నాకు కష్టం కాదు. కూర్చోవడం కష్టం. పొద్దున పనులయ్యాక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అక్కచెల్లెళ్లిద్దరినీ మిరపతోట గట్టు మీదికి తెస్తానో లేదో, గుమ్మంలోంచి పిలుపు.

"గీతా, గ్యాసు బండొచ్చింది. సంతకం పెట్టాలంట."

పెట్టొస్తాను. అక్కచెల్లెళ్లు గట్టు మీదే నిలబడి ఉంటారు.

"అమ్మాయ్, ఈ ఫోన్లో గొంతు రావట్లేదు. ఓసారి చూడు." అది మావయ్య.

చూస్తాను. మళ్లీ కూర్చుంటాను.

"గీతా, పక్కింటి సాంబయ్య గారికి కరెంటు బిల్లు ఫోన్లో కట్టాలంట. నువ్వు ఖాళీయేగా, పంపించమంటావా?"

ఖాళీయేగా. ఆ మాట విన్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కేది. నేను గంటసేపు గోడకేసి చూస్తూ కూర్చుంటే ఆ గంటలో నా కథలో ఒక మనిషి పుడుతుందని వీళ్లకెలా చెప్పను? చూసేవాళ్లకి నేను గోడకేసి చూస్తున్నాను, అంతే.

జూలై మధ్యలో కంపెనీ నుంచి ఎడిటర్ సూసన్ గారు ఫోన్ చేశారు. ఆవిడ గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. మెత్తగానే కోసిపెట్టారు.

"గీతాంజలి గారూ, మీ కథ వినేవాళ్లు బానే పెరిగారండి. కానీ వరసగా రెండు వారాలు ఆలస్యమైంది. ఇంకోసారి ఇలా అయితే మధ్యలో ఆపేయాల్సి వస్తుంది. నా చేతుల్లో ఉండదు, ఏమీ అనుకోకండి."

"అయ్యో, ఎందుకనుకుంటానండీ" అన్నాను. ఫోను పెట్టేసి చూస్తే అత్తయ్య ఎదురుగా చేటలో చింతపండు పెట్టుకుని నిలబడి ఉంది, గింజలు తీసిపెడతానేమోనని. అవతల గదిలో రాజ్యశ్రీ అక్క తలుపేసుకుని పడుకుంది. "మెల్లగా మాట్లాడవే, దానికి తలనొప్పంట" అంది అత్తయ్య.

ఆ చింతపండు గింజలు తీస్తూ నేనొక నిర్ణయానికొచ్చాను.

మా ఆయన నవీన్‌బాబుకి పురుగుమందుల కొట్టు. ఆయన భోజనానికి రాగానే చెప్పాను.

"నాకు ఉద్యోగం వచ్చింది."

"ఎక్కడ?"

"నందిగామలో."

"ఏం ఉద్యోగం?"

"రాయడం."

"అది ఇప్పుడూ చేస్తున్నావుగా?"

"ఇంట్లో చేస్తే ఖాళీ. బస్సెక్కెళ్లి చేస్తే ఉద్యోగం."

ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని నావైపు చూసి, పొలమారేదాకా నవ్వాడు. "ఇందులో అబద్ధం ఏముందే? ఎక్కడ రాసినా అదే రాతగా. అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో. నన్ను లాగొద్దు మధ్యలోకి" అన్నాడు.

చోటు దొరకడానికి ఒక్క ఫోను సరిపోయింది. నా డిగ్రీ స్నేహితురాలు షమాకి నందిగామ బస్టాండు దగ్గర బ్లౌజులకి మగ్గం వర్కు చేసే కొట్టుంది. కొట్టు పైన గది. పాత మగ్గం చట్రాలు, బట్టల మూటలు, ఒక మూలపడ్డ కుట్టుమిషను. "రావే తల్లీ. అద్దె గిద్దె అన్నావంటే తంతా. ఖాళీగా ఉన్నప్పుడు నా కొట్టుకి నాలుగు మంచి మాటలు రాసివ్వు, ఫోన్లో పెట్టుకుంటా" అంది షమా. ఖాళీగా ఉన్నప్పుడు అన్న మాట ఆమె నోట కూడా వచ్చింది గానీ ఆ రోజు నేను పట్టించుకోలేదు.

ఇక ఇంట్లో చెప్పాలి. ఏ ఆఫీసు, ఎవరిది, ఏం పని, జీతమెంత, అన్నిటికీ జవాబులు బట్టీపట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

"అత్తయ్యా, నాకు నందిగామలో ఉద్యోగం వచ్చిందండి."

అత్తయ్య గరిటె ఆపింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఎన్నింటి బస్సు?" అంది.

"అక్క వెళ్లే బస్సేనండి."

"ఆదివారం సెలవేనా?"

"సెలవేనండి."

"అయితే రేపు క్యారేజీ ఒకటి కొనాలి" అని మళ్లీ కూర కలపడంలో పడింది.

అంతే! ఇంకేమీ అడగలేదు. బట్టీపట్టిన జవాబులన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. సాయంత్రం మావయ్య అరుగు మీద కూర్చుని దారిన పోయే తిరుపతిరావు గారిని పిలిచి మరీ చెబుతున్నారు. "మా చిన్న కోడలిక్కూడా నందిగామలో డ్యూటీ అండీ. కంప్యూటర్ పని." నాలుగేళ్లు అదే ఇంట్లో అదే కంప్యూటర్ మీద అదే పని చేస్తే ఈయన ఒక్కరోజు చెప్పలేదు ఎవరికీ.

డ్యూటీలో చేరే రోజు పొద్దున నేను చీర కట్టుకుని వచ్చేసరికి బల్ల మీద రెండు క్యారేజీలున్నాయి. బస్సులో కూర్చోగానే మూత తీసి చూశాను. అరిటాకు ముక్క ఉంది! కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత పక్కన కూర్చున్న అక్క డబ్బాలోకి తొంగిచూశాను. ఆమెకి దొండకాయ వేపుడు, నాకు రాత్రి మిగిలిన పప్పు. ఉద్యోగాల్లో కూడా సీనియారిటీ ఉంటుందని అప్పుడే తెలిసింది. నీళ్లు వెనక్కిపోయాయి.

కానీ ఆ గది, ఏం చెప్పను ఆ గది గురించి! కిటికీలోంచి బస్టాండు గోల, కింద షమా పనివాళ్ల కబుర్లు, మీద గిరగిరా తిరిగే పాత ఫ్యాను. ఇంత గోలలోనూ ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవరు. కుట్టుమిషను మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పదింటికి కూర్చుంటే ఆకలేసి తల ఎత్తేదాన్ని. మధ్యాహ్నం దాకా సీరియల్, ఆ తర్వాత పెళ్లి వీడియోలు, కరపత్రాలు. నా అక్కచెల్లెళ్లు గట్టు దిగి తోటలోకి నడిచారు. పోట్లాడుకున్నారు. పెద్దది చిన్నదాని చెంప పగలగొట్టింది. ఆ భాగం విని సూసన్ గారు "ఏం మారిందండీ, మీరు ఒక్కసారిగా ఊపందుకున్నారు?" అని అడిగారు. ఉద్యోగంలో చేరానండి అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఆగస్టు నెలలో రెండో శనివారం వచ్చింది. ఆ రోజు పొద్దున అక్కా నేనూ ఎప్పట్లాగే నందిగామలో బస్సు దిగాం. ఆమె ఆఫీసు అటువైపు, నాది ఇటువైపు. "సాయంత్రం కలుద్దాం" అని చెయ్యూపి వెళ్లింది. నేను పైకెళ్లి పనిలో పడ్డాను. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు నెట్టుకుని రాజ్యశ్రీ అక్క లోపలికొచ్చింది. చెప్పులు విడిచింది, సంచి మేకుకి తగిలించింది, తలుపు వెనక చెయ్యిపెట్టి చుట్టి ఉన్న చాప లాగింది. తన ఇంట్లో తిరిగినట్టే తిరిగింది. అప్పుడు చూసింది నన్ను.

"నువ్వేంటే ఇక్కడ?"

"నువ్వేంటక్కా ఇక్కడ?"

"నీ ఆఫీసు ఇదా?" అంటూ ఆమె మగ్గం చట్రాలు చూసింది, కుట్టుమిషను మీద నా ల్యాప్‌టాప్ చూసింది. విషయం అర్థమైపోయి నవ్వు మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పేస్తుందేమోనని భయమేసింది.

"నవ్వుతావేంటక్కా. నీకు డ్యూటీ లేదా ఇవాళ?"

"లేదు. రెండో శనివారం మాకు సెలవు."

"ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదే?"

"పిచ్చిదానా, ఎందుకు చెబుతానే? చెబితే అత్తయ్య ఆ రోజుకని మినుములు నానబోసి పెడుతుంది. ఏడేళ్లుగా ఇక్కడే పడుకుంటున్నా. షమా దగ్గర బ్లౌజు కుట్టించుకోడానికొచ్చి ఈ గది చూశా, అంతే."

అప్పటికి షమా పరిగెత్తుకుంటూ పైకొచ్చింది. ఇద్దర్నీ చూసి నాలుక కరుచుకుంది. "అరె, ఇవాళ రెండో శనివారమని మర్చేపోయానే. ఆవిడ సంగతి నీకు చెప్పొద్దంది, నీ సంగతి ఆవిడకి చెప్పొద్దన్నావు. నేనేం చెయ్యను?" అని, తిట్లు తప్పించుకుని కిందికి పోయింది.

నాకు భయం పోయి మంట పట్టుకుంది. నేను తల బద్దలుకొట్టుకుని కనిపెట్టిన ఉపాయం ఈవిడ ఏడేళ్ల కిందటే వాడేసింది. దొంగచాటు చోటులో కూడా నాది రెండో స్థానమే! పైగా ఆ చాపలో చుట్టి ఉన్న దిండుకి ఆకుపచ్చ పూల గలీబు. అది మా ఇంటిదే. పోయిందని అత్తయ్య ఇల్లంతా తిరగేసి, చివరికి చాకలి మీద అనుమానపడ్డ గలీబు.

"నీకేం తక్కువక్కా?" అన్నాను. "నీకు క్యారేజీ కడతారు. నువ్వొస్తే ఫ్యాన్లు వేస్తారు. తలుపేసుకుంటే ఎవరూ తట్టరు. నీకింకా దొంగ సెలవు కూడా కావాలా?"

ఆమె చాప మీద కూర్చుని జడ విప్పుకుంటోంది. నవ్వు ఆగిపోయింది.

"నన్ను చూసి కుళ్లుకుంటున్నావా నువ్వు? నిన్ను చూస్తే ఒళ్లు మండిపోయేదే నాకు. రోజంతా ఎవరెవరికో ఫోన్లు చేసి మాటలు పడొస్తానా, నువ్వు మంచం మీద కూర్చుని కథలు అల్లుకుంటుంటావు. నీ పేరు ఫోన్లో చెబుతుంటే విని, ఆ రాత్రి మీ బావగారితో అకారణంగా పోట్లాడా, తెలుసా?" అంది. "సరే, రాసుకో. నేను చప్పుడు చెయ్యను."

చప్పుడు చెయ్యనని గురక పెట్టింది. ఆ గురకలో నేను ఒక భాగం సగం దాకా రాశాను. ఒకరి గుట్టు ఒకరి దగ్గర ఉండటం వల్ల ఆ రోజు నుంచి మేమిద్దరం బస్సులో ఒకే సీటు చూసుకుని కూర్చోవడం మొదలైంది. దొండకాయ వేపుడు కూడా సగం ఇచ్చేది.

ఆ నెలలోనే ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయింది. బస్సులన్నీ కిక్కిరిసిపోయాయి. వానలు దంచికొట్టాయి. పత్తి చేలల్లో నీళ్లు నిలిచి, మా ఆయన కొట్లో రైతులు తెల్లారకముందే వచ్చి కూర్చునేవాళ్లు. నేను ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యకుండా పంపాను. ఇంట్లో అత్తయ్య మాత్రం మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. రాత్రి అన్నం తింటూ తూలుతుంటే "పెద్దవాళ్లవుతున్నారు" అనుకున్నాను తప్ప ఇంకోలా ఆలోచించలేదు.

దసరా వెళ్లింది. మళ్లీ రెండో శనివారం. ఆ సాయంత్రానికి సీరియల్ ఆఖరి భాగం పంపాలి. "ముగింపు బాగా కుదిరితే తర్వాతి సీరియల్ కూడా మీదేనండి" అన్నారు సూసన్ గారు. ఆరోజు పొద్దున గదిలో కూర్చుని సంచి తెరిస్తే చార్జరు లేదు. ల్యాప్‌టాప్‌లో గంటకి సరిపడా బ్యాటరీ ఉందో లేదో. మా ఆయనకి ఫోన్ చేశాను.

"కొట్టు నిండా జనం ఉన్నారే. ఎవరితోనన్నా పంపిస్తాలే" అన్నాడు.

అక్క అప్పటికే చాప పరుచుకుని నిద్రపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఎవరొస్తారా అని చూస్తున్నాను. కింద షమా గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత గట్టిగా. "అయ్యో పిన్నిగారూ, మీరెందుకు మెట్లెక్కడం, నేనిచ్చొస్తాగా! నే పైకి పిలుస్తా ఉండండీ!"

పిన్నిగారు ఆగలేదు. తలుపు తెరుచుకుంది. మా అత్తయ్య. ఒక చేతిలో నా చార్జరున్న సంచి, ఇంకో చేతిలో ఫ్రీ బస్సులో చూపించిన ఆధార్ కార్డు ఇంకా అలాగే పట్టుకుని ఉంది.

ఆమె నన్ను చూసింది. మగ్గం చట్రాలు చూసింది. చాప మీద జడ విప్పుకుని నోరు తెరిచి నిద్రపోతున్న పెద్ద కోడల్ని చూసింది. తల కింద ఉన్న గలీబు చూసింది. అక్కని కాలితో తట్టాను. ఆమె కళ్లు తెరిచి, అత్తయ్యని చూసి, కలేమోనని మళ్లీ మూసుకుంది. మళ్లీ తెరిచి ఒక్క ఉదుటున లేచి కూర్చుంది.

"అత్తయ్యా, అదీ, ఇవాళ మా ఆఫీసులో..." అంటోంది.

"ఫ్యాను బాగా తిరుగుతోందే" అంది అత్తయ్య, పైకి చూస్తూ. చార్జరు నా చేతిలో పెట్టింది. "వాడు కొట్లో ఒక్కడే తంటాలు పడుతున్నాడని నేనే బయల్దేరా. నీ పని చూసుకో. సాయంత్రానికి ఇవ్వాలంటగా."

షమా టీ తెచ్చింది. అత్తయ్య తాగింది. గ్లాసు పక్కన పెట్టి, అక్కతో "కాస్త జరుగు" అంది. చాప మీద అటు తిరిగి పడుకుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు తిడుతుంది అని ఎదురుచూస్తూ కూర్చున్నాం. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

ఒంటిగంట బస్సు వెళ్లింది. రెండింటి బస్సు వెళ్లింది. మావయ్య భోజనం సంగతేమిటని అక్క గుసగుసగా అడిగింది. నాకేం తెలుసు? అత్తయ్య చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుంది. నాలుగేళ్లలో ఆమెని పగటిపూట ఒక కునుకు తీయగా చూశాను గానీ, అలా కాళ్లు చాపుకుని పడుకోగా నేను చూడలేదు. నేను రాయడానికి కూర్చున్నాను. నా అక్కచెల్లెళ్లిద్దర్నీ ఊరికి వెళ్లే బస్సెక్కించాలి. ఎక్కించలేకపోయాను. మధ్యమధ్య తిరిగి చాపవైపే చూస్తున్నాను. చివరికి చిన్నది బస్సెక్కి, పెద్దది తోటలోనే ఉండిపోయింది. అలా రాయాలని నేనెప్పుడూ అనుకోలేదు. పొద్దుగూకే ముందు పంపేశాను.

ఇంటికెళ్లే బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కున్నాం. అత్తయ్య కిటికీ పక్క. చిల్లకల్లు దాటాం. ఆ తర్వాత బయటికి చూస్తూనే మొదలుపెట్టింది.

"నాకు పెళ్లయిన కొత్తలో ఇంట్లో పదిమందిమి. కూర్చునేదాన్ని కాదు. ఓరోజు మా అత్తగారితో చెప్పా, వేదాద్రి నరసింహస్వామికి ఏడు శనివారాలు మొక్కుకున్నానని. మొక్కంటే ఎవరు కాదంటారు? పసుపు కుంకాలిచ్చి మరీ పంపేది. మొదటి వారం గుళ్లోకెళ్లా. మిగతా ఆరు వారాలూ రేవు మెట్ల మీద కూర్చున్నా. కృష్ణ చూసుకుంటా, వేరుశనక్కాయలు తింటా. సీతా అని పిలిచేవాళ్లు ఒక్కళ్లు లేరక్కడ."

"దేవుడికి కోపం రాలేదా అత్తయ్యా?" అంది అక్క.

"ఎందుకొస్తదే? పక్కన లక్ష్మమ్మ ఉందిగా, ఆవిడ సర్దిచెప్పుకునుంటది."

అక్క పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ వానాకాలమంతా తంటాలుపడి సీరియల్ రాశాను. ఇంత చక్కటి ముక్క ఒక్కటి రాయలేకపోయాను. ఈవిడ బస్సులో వేరుశనక్కాయలు వొలిచినంత తేలిగ్గా చెప్పేసింది. మా అత్తయ్య మీద కూడా కుళ్లు పుట్టింది నాకు.

"నువ్వు ఉద్యోగంలో చేరాక నాకు నడుం వాల్చే వీల్లేకుండా పోయింది" అంది అత్తయ్య, ఈసారి నావైపు తిరిగి. "గ్యాసువాడొస్తే నేనే, పాలవాడొస్తే నేనే. పొద్దున్నే మీరిద్దరూ జడలేసుకుని చెంగుచెంగున బస్సెక్కుతుంటే వీధి గుమ్మంలో నిలబడి చూస్తానా, ఎంత కుళ్లొచ్చేదో తెలుసా? కన్న కూతుళ్లైతే తిట్టేదాన్ని. కోడళ్లైపోయారు."

అత్తయ్య చీర చెంగు సర్దుకుంది.

"మీకు డ్యూటీ అంటే వదులుతున్నారు. నాకు డ్యూటీ అంటే ఎవరు నమ్ముతారు? నాకు దేవుడే దిక్కు. వచ్చే వారం నుంచి మళ్లీ వేదాద్రి మొక్కు. శనివారం శనివారం. మీ మావయ్యకి నేను చెప్పుకుంటా. ఆ రోజు ఇంట్లో నువ్వుండు గీతా."

"శనివారమా!" అన్నాను. "అత్తయ్యా, శనివారం సాయంత్రానికే కదండీ నేను పంపాల్సింది. మంగళవారం పెట్టుకోండి, పుణ్యముంటుంది."

"నరసింహస్వామికి మంగళవారం మొక్కేంటే? మీ మావయ్య పిచ్చోడా నమ్మడానికి?"

"పోనీ రెండో శనివారం అక్కకి సెలవేగా. ఆ ఒక్కరోజన్నా అక్క ఉండొచ్చుగా?"

"దాన్ని పడుకోనియ్యి. దాని సెలవు దాని చేతిలో లేదు, వాళ్లిచ్చినప్పుడే. నీ ఆఫీసుకి నువ్వేగా ఆఫీసరువి!"

అక్క కిటికీ లేని వైపు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉద్యోగం చేసేవాళ్ల సెలవు వాళ్లది కాదు కాబట్టి దాన్నెవరూ అడగరు. నా సమయం నాది కాబట్టి అందరూ అడుగుతారు. కాదని చెప్పాలనే ఉంది నాకు. నోటిదాకా వచ్చింది. బస్సు జగ్గయ్యపేట బస్టాండులోకి తిరిగింది. లోపల దీపాలు వెలిగాయి. అత్తయ్య చెంప మీద చాప అచ్చులు ఇంకా అలాగే ఉన్నాయి. "సరేనండి" అన్నాను.

సీరియల్ ముగింపు వాళ్లకి నచ్చింది. కార్తీకం వచ్చేసరికి రెండోది మొదలైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాకు నందిగామ డ్యూటీ. శనివారం కూడా సెలవని మావయ్యకి చెప్పి, ఒంట్లో బాగోనిదానిలా ఇంట్లో ఉంటాను. పొద్దున్నే అత్తయ్య తలంటుకుని, జరీ అంచు చీర కట్టుకుని, సంచిలో కొబ్బరికాయ పెట్టుకుని వేదాద్రి బస్సెక్కుతుంది. నేను వీధి గుమ్మంలో నిలబడి చూస్తాను. కడుపు రగిలిపోతుంది.

నిరుటి మాట కాదు, మొన్న శనివారం సంగతి. శుక్రవారానికే భాగం పూర్తిచెయ్యాలని ఎంత అనుకున్నా కాలేదు. ఆఖరి సన్నివేశం మిగిలిపోయింది. వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నాలుగు వాక్యాలు రాశానో లేదో, మావయ్య హడావుడిగా వచ్చారు.

"అమ్మాయ్, మధ్యాహ్నానికి మావాళ్లు ఐదుగురు భోజనానికొస్తున్నారు. మీ అత్తయ్యకి ఫోన్ చెయ్యి. దర్శనం అయిపోయే ఉంటది, వచ్చే బస్సుకి వచ్చెయ్యమను. నీవల్ల కాదు ఇంతమందికి."

ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఒక్క మాట చెబితే చాలు. వచ్చేస్తుంది, రాకుండా ఉండదు. నేను గదిలోకెళ్లి తలుపేసుకుని సన్నివేశం పూర్తిచేసుకోవచ్చు. ఆమె పేరు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఈ వేళకి మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఒళ్లో శనక్కాయ తొక్కలు. అది తలచుకుంటే ఎంత కుళ్లుగా ఉందో చెప్పలేను.

"రేవు దగ్గర సిగ్నల్ ఉండదు మావయ్యా" అన్నాను. ఫోను గట్టు మీద బోర్లించి, ఐదుగురికి బియ్యం కొలిచాను.

మావయ్య వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. "ఏడు వారాల మొక్కంది గదా. ఇంకెన్ని వారాలుందంట, ఎప్పుడు తీరుద్ది?" అన్నారు.

"తీరేది కాదులెండి మావయ్యా" అన్నాను, ల్యాప్‌టాప్‌ని తడి తగలకుండా పక్కకి జరుపుకుంటూ. "అది చాలా పాత మొక్కు."